దరువొకటే, దారులు వేరు

"అన్నీ అదే దరువు కదా, ఇన్ని పేర్లెందుకు?" ఎలక్ట్రానిక్ నృత్యసంగీతం వినేవారికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆదితాళంలో ఉన్నంత మాత్రాన ఆ కీర్తనలన్నీ ఒక్కటేనని మనం అనం గదా! ఇక్కడా అంతే.

హౌస్ సంగీతంలో నిమిషానికి సుమారు 120 నుంచి 130 దరువులు; ప్రతి దరువు మీదా కిక్ డ్రమ్ తప్పక పడుతుంది. డ్రమ్ అండ్ బేస్‌లో వేగం 170 దాకా పోతుంది, దరువు విరిగి విరిగి నడుస్తుంది. మా తమ్ముడికి ఈ రెండవదే ప్రాణం. హౌస్ అతనికి గానుగెద్దు నడక. నాకేమో ఆ గానుగ తిరుగుడులోనే మనసు కుదుటపడుతుంది. ఎనిమిది నిమిషాలపాటు పెద్దగా ఏమీ మారదు; అందుకే ఒక చిన్న చప్పుడు చేరినా, ఒక స్వరం తొలగినా మహా సంఘటనలా తోస్తుంది. ఈ తగవు తీరేదీ కాదు, తీరనవసరమూ లేదు.

అయితే హద్దుల సంగతి ఉత్త అభిరుచితో ముగిసిపోదు. షికాగోలోని 'వేర్‌హౌస్' అనే క్లబ్బు పేరులోంచి హౌస్ అన్న మాట పుట్టిందంటారు. డెట్రాయిట్ నల్లజాతి యువకుల సంగీతాన్ని 1988లో బ్రిటన్‌లో సంకలనంగా తెస్తున్నప్పుడు, మొదట దానికీ ఆ హౌస్ పేరే పెట్టబోయారు. హువాన్ ఆట్కిన్స్ రచన 'టెక్నో మ్యూజిక్' అందులో చేరాక, సంకలనం పేరు కూడా టెక్నోగా మారింది. ఆ ఒక్క మాట లేకుంటే డెట్రాయిట్ షికాగోకు ఉపశాఖగా మిగిలిపోయేదేమో!

పేరు అన్యాయమూ చేయగలదు. బొంబాయి సినీవాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ యంత్రాల మీద పది హిందూస్తానీ రాగాలను డిస్కో దరువుకు కట్టి రికార్డు చేశారు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1987లో షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందం 'ఆసిడ్ ట్రాక్స్' తెచ్చింది; అందులోనూ టీబీ-303 యంత్రమే. 2010లో సింగ్ రికార్డు పునర్ముద్రణ పొందినప్పుడు ఆయనను ఆసిడ్ హౌస్‌కు ఆద్యుడని కీర్తించారు. ఆ కీర్తి నాకెందుకో రుచించదు. ఆయన వాయించినవి కళావతి, తోడి, మన హిందోళానికి సాటియైన మాల్కౌంస్. ఎన్నడూ బయలుదేరని ప్రయాణానికి ఆయనను మార్గదర్శిని చేయడమెందుకు?

సృష్టించినవారు తామే పెట్టుకున్న పేరును గౌరవిస్తాను. ఇతరులు తరువాత అతికించిన పేరును కాస్త సందేహంతో వాడతాను.

మొన్న ఆ రికార్డు తమ్ముడికి వినిపించాను. "దీన్నేమంటారన్నయ్యా?" అన్నాడు.

"కళావతి" అన్నాను. మీరైతే ఏమనేవారు?