నల్ల మాను, ఎర్ర దుంగ

తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తలకోన పోతుంటే దారి పొడుగునా శేషాచలం అడవి బూడిదరంగులోనే కనిపించింది. ఎండాకాలం మరి. ఆకు రాలిన పొట్టి చెట్లు, నడుమ బండరాళ్లు. తలకోన జలపాతం దగ్గర పచ్చదనం ఉంది గానీ అది ఆ లోయ వరకే. ‘పుష్ప’లో చూసిన అడవి ఇక్కడ లేదు. 2021 డిసెంబరులో వచ్చిన ఆ ఎర్రచందనం దొంగరవాణా సినిమాలో కథ ఈ కొండలది. అడవి సన్నివేశాలు చాలావరకు తీసింది గోదావరి మన్యంలో, మారేడుమిల్లి వైపు. ఎర్రచందనం అక్కడ సహజంగా పెరగదు.

నెరబైలు ఊరు దాటాక, వెంట వచ్చిన ఊరాయన ఒక చెట్టు దగ్గర ఆగినాడు. “ఇదే సార్, చందనం మాను.”

నమ్మబుద్ధి కాలేదు. బెరడు నల్లగా, మొసలి తోలు మాదిరి పలకలు పలకలుగా పగిలి ఉంది. కాడకు మూడేసి ఆకులు. చేత్తో తడిమితే గరుకు, అంతే. ఎరుపు జాడే లేదు.

“నరికితే గానీ కనపడదు సార్. ఎరుపంతా లోపల చేవలో ఉండాది.”

దర్శకుడు సుకుమార్, ఛాయాగ్రాహకుడు మిరొస్లావ్ కూబా బ్రొజెక్ ఏం చేశారో ఆ మాను ముందు నిలబడితే అర్థమైంది. చిక్కటి పచ్చదనంలో చెక్కిన ఎర్ర దుంగ పెడితే కన్ను దాన్ని వదలదు. ఏట్లో తోసినా, లారీలో పేర్చినా తెర మీద కనిపించేది డబ్బే. వంకరపోయే భుజం సైతం కథానాయకుడు అల్లు అర్జున్‌కు ఠీవి అయింది. ఇదే కథను ఈ ఎండుకొండల్లో తీసి ఉంటే ముందు కూలీవాడి దాహం కనిపించేది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గరి అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చచ్చిపోయారు. ఎర్రచందనం కొట్టే కూలీలని పోలీసులు చెప్పిన వాళ్లంతా తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. ‘పుష్ప’లాంటి, కూలీ యజమాని అయ్యే కథలో వాళ్లకు చోటు దొరకడం కష్టం.

యాస సంగతి వేరు. సీమ అంటే బాంబులు, సుమోలు, కడప కర్నూలు మాట అని స్థిరపడిన తెలుగు తెర మీద చిత్తూరు మాటను కథానాయకుడికి, అదీ కూలీకి ఇవ్వడం గట్టి నిర్ణయం. ఊరాయన కూడా ఒప్పుకున్నాడు: “మాట మాదే సార్. అడివే మాది కాదు.”

‘పుష్ప’ నచ్చినవాళ్లు తలకోనకు ఒకసారి ఎండాకాలంలో రండి. జలధార సన్నగా ఉంటుంది గానీ చెట్లు బాగా కనిపిస్తాయి.