మెనూల లేని పేరు

మా అవ్వ పేరు ఊర్ల ఎవరికీ తెల్వదు. నాట్లకైనా, కల్లం కాడికైనా, పటేలింట్ల పెండ్లికైనా "మాదిగోల్లను పిలువున్రి" అంటె సరిపోతుండె. వస్తవా అని ఆమెను అడిగినోడు లేడు.

ఆమె కొడుకును నేను. ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. కొత్తకోటల సర్కారు బడి లెక్కల సారును. రాత్రిపూట పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ కెర్నెల్ బిల్డ్ చేసుకునే పిచ్చి ఒకటుంది. "మీకెందుకు సార్ ఇవి?" అని తోటి సార్లు నవ్వుతరు. ఆ 'మీకు'ల ఎంత బరువుంటదో మాకే ఎరుక.

డిస్కుకు, నెట్‌కు తాళం వేసే కోడు కెర్నెల్ల ఉంటది. అది సరిగ్గ ఉన్నదా అని కెర్నెల్ తనను తానే పరీక్షించుకుంటది. జవాబు ముందే తెలిసిన లెక్క ఇస్తరు. "ఎబిసి" అనే మూడక్షరాలిస్తె షా-256 నుంచి బిఎ7816బిఎఫ్‌తో మొదలయ్యే 64 గుర్తులు రావాలె. ఒక్కటి తప్పినా ఫెయిలే.

ఏ కోడు బిల్డ్ కావాల్నో కేకాన్ఫిగ్ ఫైల్ల రాస్తరు. అందుల రెండు మాటలున్నయి. 'డిపెండ్స్ ఆన్' అంటె అది ముందుగాల ఉంటెనే ఇది. 'సెలెక్ట్' అంటె ఇది దాన్ని గుంజుకొస్తది. దానికేం కావాల్నో అడగది. అచ్చం వెట్టి.

2025ల వచ్చిన 6.17 కెర్నెల్ల షా-256, పాలీ1305 పరీక్షలకు సెలెక్టే రాసి ఉండె. అన్ని పరీక్షలు పెడదామని 'కేయూనిట్ ఆల్ టెస్ట్స్' ఆన్ చేసిన. నేను వాడని కోడు గూడ ఎల్లొచ్చింది. పరీక్ష పెట్టెటోడు ఉన్నదాన్ని చూడాలె గాని, లేనిదాన్ని తెచ్చి నిలబెట్టుడేంది? నా కాపీల సెలెక్ట్ కొట్టేసి డిపెండ్స్ ఆన్ రాసుకున్న. ఆల్ టెస్ట్స్ తీసేసి మెనూ తెరిస్తె పాలీ1305 పరీక్ష పేరే లేదు.

చాలాసేపు అట్లనే చూసిన. ఇంటర్ అయిపోయిన ఏడు ఎంసెట్ అనేది ఒకటుందని దరఖాస్తు తేదీ దాటినంక తెలిసింది. రాసి ఫెయిలైంది గాదు. నాకు చెప్పాల్నంటె ఇంట్ల చదివినోడుండాలె. ఫెయిలైతె ఏడ్వొచ్చు. పేరే కనపడకపోతె దేనికని ఏడుస్తం?

మల్ల సెలెక్ట్ రాయబుద్ధి కాలె. కునిట్‌కాన్ఫిగ్ అని ఒక ఫైల్ ఉంటది, పరీక్షకు ఏమేం కావాల్నో అందుల బాజాప్త రాయొచ్చు. పాలీ1305ను పనిల పెట్టుకునే వైర్‌గార్డ్‌ను రాసిన, దానికి కావల్సిన నెట్‌వర్క్ ఆప్షన్లు ఒక్కొక్కటే రాసిన. రాత్రి ఒంటిగంటకు తెర మీద 'ఓకే' వచ్చింది.

ఈ జూన్‌ల బడి తెరవంగనే పదో తరగతి బోర్డు మీద కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, పాలిసెట్ అని వరుసగ రాసిన. వెనుక బెంచి పిల్ల లేచి అడిగింది: "సార్, దరఖాస్తుల మా అవ్వ పేరు గూడ రాయాల్నా?"

రాయాలె బిడ్డా, ఇంటిపేరుతోని రాయాలె అన్న.