మాటకు తూకం

డుంబ్రిగుడ మండలం తూర్పు కనుమలలో, అరకులోయకు చేరువలో ఉంది. చాపరాయి వద్ద బండలపై జారే నీటిని చూడవచ్చే యాత్రికులకు ఆ కొండవాలులలోని కాఫీ తోటలు అంతగా కానరావు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటిని అల్లుకున్న మిరియపు తీగల నడుమ గిరిజన రైతులు ఆ పంటను పండిస్తారు. వారి ఇండ్లలో కొందరిది కువి, కొందరిది ఆదివాసీ ఒడియా, మరికొందరిది తెలుగు. పంట సముద్రాలు దాటవలసి వచ్చినప్పుడు మాత్రం దాని వెంట ఆంగ్లం నడవాలి.

అరకు కాఫీ ఇప్పటికే దూరతీరాలు చూసింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరిట విక్రయశాల వెలసింది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. కీర్తితో పాటు ఉత్తరప్రత్యుత్తరాలు, ఒప్పందాలు, ప్రకటనలు పెరుగుతాయి. సంతలో బేరం ముఖాముఖిగా సాగుతుంది. సందేహం కలిగితే అక్కడికక్కడే అడిగి తీర్చుకోవచ్చు. ఉత్తరానికి ఆ వీలు లేదు. అందువల్ల వ్యాపార భాషలో వ్యాకరణం తక్కెడ వంటిది.

మొదట నామవాచకాన్ని చూడాలి. వాడుకలో కాఫీ పండునూ, గింజనూ, పొడినీ కాఫీ అనే అంటారు. వర్తకుల ఆంగ్లంలో పండు చెర్రీ, పొరతో ఎండిన గింజ పార్చ్‌మెంట్, పొర తీసిన పచ్చిగింజ గ్రీన్ బీన్. సుమారు ఐదారు కిలోల పండ్ల నుండి ఒక కిలో పచ్చిగింజ వస్తుంది. ఏ రూపమో చెప్పక కిలో ధర వ్రాస్తే, ఆ ఒక్క పదం లోపించినందుకే రైతు శ్రమఫలం తారుమారు కాగలదు.

తరువాతిది కాలం. “ఐదు వందల కిలోలు పంపుతాము” అనే తెలుగు వాక్యం అలవాటును చెప్పగలదు, రాబోయే పనినీ చెప్పగలదు. సందర్భమే అర్థాన్ని తేల్చుతుంది. ఆంగ్లం ఈ రెండింటినీ విడదీస్తుంది. “వుయ్ సప్లై” అన్నది పరిచయం, “వుయ్ విల్ సప్లై” అన్నది వాగ్దానం. వానలు ఆలస్యమై పూత తగ్గిన ఏట, ఏ మాట వ్రాసి సంతకం చేశారన్నదే ప్రశ్న అవుతుంది.

మూడవది కర్త. తెలుగులో “పండించాము” అంటే “మేము” అన్న పదం లేకున్నా క్రియాంతం మనుషులను చూపుతుంది. ఆంగ్లంలో “దిస్ కాఫీ ఈజ్ గ్రోన్ ఇన్ అరకు” అని కర్మణి ప్రయోగంలో వ్రాస్తే ఊరు మిగులుతుంది, మనిషి మాయమవుతాడు. “ట్రైబల్ ఫార్మర్స్ గ్రో దిస్ కాఫీ” అన్నప్పుడు వాక్యపు ముంగిట రైతు నిలుస్తాడు. కర్మణి ప్రయోగం దోషమేమీ కాదు. గింజలను ఎలా ఎండబెడతారో వివరించేటప్పుడు అదే తగినది. అయితే భౌగోళిక గుర్తింపు స్థలనామాన్ని కాపాడుతుందే గాని, చెట్టును పెంచిన చేతులను తలపునకు తేవలసిన బాధ్యత వాక్యం వ్రాసేవారిదే.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మొదలు నేటి రైతు సంఘాల వరకు గిరిజనుల పంటకు తగిన విలువ దక్కాలనే కృషి సాగుతూనే ఉంది. కొండగ్రామాల నుండి కళాశాలలకు వచ్చే విద్యార్థులు రేపు ఆ సంఘాల ఉత్తరాలను తామే వ్రాయవచ్చు. వారికి అలంకారాలతో నిండిన ఆంగ్లం అవసరం లేదు. ఏ వస్తువు, ఎంత, ఎప్పుడు, ఎవరు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికే వాక్యం చాలు. అట్టి వాక్యం వ్రాయగలిగిన బిడ్డ ఉన్న ఇంట, దూరదేశపు బేరానికి మరొకరి నోటిపై ఆధారపడవలసిన పని తగ్గుతుంది.