ఇంజన్ కింద మరక

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే బండి బయటికి తీస్తే, వాకిట్లో బండ మీద రూపాయి బిళ్ళంత నల్లటి మరక కనబడింది. వంగి చూశాను. ఇంజన్‌కి కుడిపక్కన, క్లచ్ కవర్ అడుగున ఆయిల్ చుక్క వేలాడుతోంది. గుడ్డపేలికతో తుడిచాను. కాసేపటికి ఇంకో చుక్క తయారైంది.

బండి 2006లో కొన్నది. వంద సీసీ, కిక్కు కొట్టి స్టార్ట్ చేసే రకం. ఆయిల్ మార్చినప్పుడు పోయాల్సింది 800 మిల్లీలీటర్లని మాన్యువల్‌లో ఉంది. ఆ కాస్త ఆయిల్‌తోనే పిస్టన్, క్లచ్, గేర్లు అన్నీ నడవాలి. చుక్కలు చుక్కలుగా పోతే ఎప్పుడు అడుగంటిందో మనకి తెలియదు, ఇంజన్ పట్టేసినప్పుడు తెలుస్తుంది. పైగా కారిన ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి టైరు మీద పడితే మలుపులో బండి జారుతుంది. ఆ బండి మీద నా వెనక కూర్చునేది మా అమ్మాయి. కాబట్టి దీన్ని చిన్న విషయమని వదిలెయ్యడానికి లేదు.

చుక్క చూసిన అరనిమిషంలో నాకు ముద్దాయి దొరికాడు. అంతకు మూడు వారాల ముందే మా వీధి చివరి మెకానిక్ షెడ్డులో క్లచ్ ప్లేట్లు మార్పించాను. ప్లేట్లు మార్చాలంటే ఆ కవర్ ఊడదీయాలి. పాత ప్యాకింగ్ గీకేసి కొత్తది వెయ్యాలి. ఆ పని చేసింది షెడ్డులో పని నేర్చుకుంటున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడు. కవర్ తీశాడు, వేశాడు, కారింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ షెడ్డు గుమ్మానికి శనివారం శనివారం కొత్త నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడుతుంటాయి. ఆ దండ కనబడితే మనలాంటివాళ్ళకి లోపల ఏమనిపిస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నాకూ అదే అనిపించింది. అనిపించడంతో ఆగితే బాగుండేది.

నేను వెళ్ళేసరికి షెడ్డులో నలుగురైదుగురు ఉన్నారు. మామూలుగా ఆ మెకానిక్‌ని నేను "ఏమండీ" అని పిలుస్తాను. ఆ రోజు "ఏమయ్యా" అన్నాను. "నిమ్మకాయ మీద పెట్టిన శ్రద్ధ ప్యాకింగ్ మీద కూడా పెడితే బాగుండేది కదయ్యా" అన్నాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "బండి వదిలి వెళ్ళండి మాస్టారూ, చూస్తాం" అన్నాడు. "మళ్ళీ మీ చేతికిస్తానా?" అని వెనక్కి తిరిగాను. ఆయన కోపం కుర్రాడి మీదకి మళ్ళింది. "ఏరా, చేతులు పడిపోయాయా నీకు?" అని అందరి ముందూ తిట్టాడు. కుర్రాడు నాకేసి చూసి, "శుభ్రంగా కడిగే వేశాను సార్" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నాలుగు బోల్టులు విప్పి బిగించలేనా అనుకున్నాను. ప్యాకింగ్ కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ఆయిల్ డబ్బాలోకి వంపి, ఫుట్‌రెస్టూ కిక్ రాడ్డూ తీసి, క్లచ్ కేబుల్ తప్పించి, కవర్ ఊడదీశాను. పాత ప్యాకింగ్ చిరగకుండా వచ్చింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి, ఆ గీతలే తర్వాత ఆయిల్‌కి కాలవలవుతాయి. అందుకని ప్లాస్టిక్ స్కేలు ముక్కతో గీకి, కిరసనాయిలుతో కడిగి, తడి లేకుండా తుడిచి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాను. చాలా గర్వంగా అనిపించింది. ఆ పాత ప్యాకింగ్‌ని మాత్రం ఎందుకో పారెయ్యలేదు. షెడ్డులో చూపించి వాళ్ళ తప్పు నిరూపించాలన్న ఆలోచన ఎక్కడో ఉండే ఉంటుంది.

వారం తిరక్కుండా బండ మీద మళ్ళీ మరక.

"పాత బండి అన్నాక కారుతుంది మాస్టారూ" అని పక్కింటాయన ఓదార్చాడు. ఇది చాలామంది చెప్పే మాటే. 1950లు, 60లలో వచ్చిన ఇంగ్లండు బళ్ళు ఆయిల్ కార్చడానికి పేరుపడ్డాయి. వాటి క్రాంక్ కేసు నిలువుగా రెండు చెక్కలుగా ఉంటుంది కాబట్టి అతుకులోంచి కారేదనీ, 1969లో వచ్చిన హోండా సీబీ 750లో ఆ అతుకు అడ్డంగా ఉంది కాబట్టి కారలేదనీ చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన రోడ్ల మీద తిరిగే వంద సీసీ బళ్ళ ఇంజన్లు కూడా నిలువు చెక్కలే. అవి ఏళ్ళ తరబడి చుక్క కార్చకుండా నడుస్తున్నాయి. కాబట్టి అతుకు నిలువుగా ఉండటం ఒక్కటే కారణం కాదు. ఆ అంచులు ఎంత నున్నగా ఉన్నాయి, ప్యాకింగ్ ఎలాంటిది, లోపలి గాలి బయటికి పోయే దారి సరిగా ఉందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పక్కింటాయనకి ఇదంతా వివరంగా చెప్పాను. అందులో చివరి ముక్క నాకే పనికొస్తుందని అప్పుడు తట్టలేదు.

నాకు తట్టిందల్లా బోల్టులు ఇంకా బిగించాలని. అక్కడ ఉండేవి 6 మిల్లీమీటర్ల బోల్టులు. అల్యూమినియంలోకి దిగే అలాంటి బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే, 10 సెంటీమీటర్ల స్పానర్ చివర పది కిలోల బరువు వేలాడదీస్తే పడేంత బిగువు. స్పానర్ పొడవు రెట్టింపైతే ఐదు కిలోలు సరిపోతాయి. నా చేతిలో ఉన్నది పొడుగు స్పానర్, దానికి తోడు కోపం. అడుగున ఉన్న ఒక బోల్టు బిగుస్తూ బిగుస్తూ ఒక్కసారిగా వదులైపోయింది. క్రాంక్ కేసులో మర పోయింది. నిజానికి అతిగా బిగిస్తే ఉపయోగం కూడా లేదు. ప్యాకింగ్ నలిగిపోతుంది, బోల్టుకీ బోల్టుకీ మధ్య కవర్ అంచు వంగుతుంది, కారడం ఇంకా ఎక్కువవుతుంది.

వీధి చివరి షెడ్డుకి వెళ్ళే మొహం లేదు. మా మంగళగిరి నుంచి బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, కృష్ణ దాటి, బెజవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళాను. అక్కడ లేత్ షాపులో ఒక పెద్దాయన ఆ రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, లోపల స్ప్రింగులాంటి కొత్త మర దించాడు. ఇప్పుడు పాత సైజు బోల్టే పడుతుంది. పని చేస్తూ రెండు ప్రశ్నలు అడిగాడు. "ఆయిల్ ఎక్కడినుంచి కారుతోందో చూశారా, ఎక్కడ చుక్క పడుతోందో చూశారా?" ఇది మొదటిది. "బ్రీదర్ పైపు చూశారా?" ఇది రెండోది. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న గాలిని నొక్కుతుంది. మండిన వాయువులు కూడా కొంత రింగుల సందుల్లోంచి క్రాంక్ కేసులోకి దిగుతాయి. ఈ గాలి బయటికి పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. మా బండిలో అది ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళుతుంది. అది మూసుకుపోతే లోపల పీడనం పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. పీడనం గురించి ఏటా పిల్లలకి పాఠం చెప్పేవాడికి ఇది ఒకరు చెబితేగానీ తట్టలేదు.

ఇంటికొచ్చి సైడ్ కవర్ తీసి చూశాను. గొట్టం ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద ఇరుక్కుని, మడతపడి, పూర్తిగా నొక్కుకుపోయి ఉంది. ఆ డబ్బా ఆఖరిసారి విప్పి బిగించింది ఎవరు? నేనే. మరక కనబడడానికి నాలుగు రోజుల ముందు, సెలవులే కదా అని ఫిల్టర్ శుభ్రం చేసి మళ్ళీ పెట్టాను.

కాకి వాలిందీ, తాటిపండు పడిందీ అని పిల్లలకి కాకతాళీయం గురించి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఇక్కడ చెట్టు మీద రెండు కాకులు వాలాయి. రెండోది నాది కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

గొట్టం సరిచేసి, కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు ఒకదానికి ఎదురుగా ఒకటి, రెండు మూడు విడతలుగా బిగించాను. ఇంజన్ బయట అంతా కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, కవర్ అంచు చుట్టూ చాక్‌పీసు పొడి పూశాను. ఆయిల్ తగిలితే పొడి నల్లబడుతుంది, ముందు ఎక్కడ నల్లబడితే కారేది అక్కడ. పైన హెడ్ దగ్గర కారినా, కిక్ షాఫ్ట్ సీల్ దగ్గర కారినా చుక్క పడేది అడుగునే. అందుకే ఈ పని మొదటి రోజే చెయ్యాల్సింది. గుంటూరు వెళ్ళి వచ్చాను, సుమారు నలభై కిలోమీటర్లు. పొడి తెల్లగానే ఉంది.

ఇక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఆపితే నాకొక సౌకర్యం కూడా ఉంది. గొట్టమూ సరిచేశాను, ప్యాకింగూ మార్చాను. రెండూ ఒకేసారి చేశాను కాబట్టి దేనివల్ల ఆగిందో ఎవరూ చెప్పలేరు. కుర్రాడి ప్యాకింగ్‌లోనూ ఏదో లోపం ఉండే ఉంటుందని సర్దిచెప్పుకుంటూ బతికెయ్యొచ్చు. రెండు రోజులు అలాగే సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు సాయంత్రం మళ్ళీ సైడ్ కవర్ తీసి, ఆ గొట్టాన్ని మడతపెట్టి దారంతో కట్టేసి, ఇరవై నిమిషాలు ఊరి చుట్టూ తిరిగి వచ్చాను. కవర్ అడుగున పొడి నల్లబడి ఉంది. దారం విప్పేశాను, అంచు తుడిచి మళ్ళీ పొడి పూశాను. మర్నాడంతా తిరిగాను. తెల్లగానే ఉంది.

అప్పుడు డ్రాయర్‌లోంచి కుర్రాడు వేసిన ప్యాకింగ్ తీసి చూశాను. చుట్టూ రెండు వైపులా అంచు ముద్ర సమంగా పడి ఉంది. అడుగున ఒక్కచోట మాత్రం లోపలినుంచి బయటికి తోసినట్టు ఉబ్బి ఉంది. తప్పు నిరూపించడానికి దాచిన వస్తువే అది.

నిమ్మకాయ కడితే షెడ్డుకి మంచి జరుగుతుందని ఆయన నమ్మాడు. నిమ్మకాయ కట్టినవాడి షెడ్డులో వేసిన ప్యాకింగ్ కారుతుందని నేను నమ్మాను. రెండింట్లోనూ నిమ్మకాయకి లేని శక్తి అంటగట్టాం. ఆయన నమ్మకం వల్ల ఖర్చయ్యేది ఒక నిమ్మకాయ. నా నమ్మకం వల్ల ఒక కుర్రాడు చెయ్యని తప్పుకి నలుగురిలో తిట్లు తిన్నాడు.

మర్నాడు జనం ఉండే వేళ చూసుకునే షెడ్డుకి వెళ్ళాను. "ఏమండీ" అని పిలిచి, జరిగిందంతా చెప్పాను. దారం కట్టిన సంగతి కూడా చెప్పాను. ఆయన విని, "బండి ఆ రోజే వదిలేస్తే బ్రీదర్ మేమే చూసేవాళ్ళం కదా మాస్టారూ" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. మర పోయిన సంగతి విన్నప్పుడు మాత్రం కాస్త నవ్వాడు.

కుర్రాడు ఏదో బండి చెయిన్ బిగిస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదే బాబూ, నిన్ను అనవసరంగా అన్నాను" అన్నాను. "పర్లేదు సార్" అన్నాడు తలెత్తకుండానే. జేబులోంచి ప్యాకింగ్ తీసి ఇచ్చాను. చేతులు గుడ్డకి తుడుచుకుని దాన్ని అందుకున్నాడు. వెలుతురుకి పట్టుకుని చుట్టూ తిప్పి చూశాడు. తర్వాత నాతో ఏమీ అనకుండా, లేచి, దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"చూడన్నా, కడిగే వేశాను."