నెత్తుటి కాలువకు తడిక

శ్రీహరికోటకు ఇవతల, పులికాట్ సరస్సు ఒడ్డున, సూళ్లూరుపేట దగ్గరి పల్లె మాది. రాకెట్ లేచినప్పుడల్లా మా ఇంటి కిటికీలు అదురుతాయి. "పైకి పంపేది సరే, మనకేం ఒరిగింది?" అని అడగడం మా నాయనకు అలవాటు. తుఫాను హెచ్చరికల సంగతి చెబితే నవ్వి ఊరుకునేవాడు. పోయిన ఏడు మా మేనత్తకు వచ్చిన జబ్బు ఆ ప్రశ్నకు ఇంకొక జవాబు చూపించింది.

అత్తకు ఒక కంటిరెప్ప వాలిపోయి, ఎదుటి మనిషి ఇద్దరుగా కనబడసాగాడు. మద్రాసులో పరీక్షలు చేసి, మెదడుకు పోయే ధమని గోడ ఒకచోట బుడగలా ఉబ్బిందన్నారు. దాన్నే అన్యూరిజం అంటారు. పగిలిందా, ప్రాణానికే ముప్పు. పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు పెట్టడం పాత పద్ధతి. బుడగలో ప్లాటినం తీగచుట్టలు నింపడం తర్వాత వచ్చింది. అత్త బుడగకు మూతి వెడల్పు, చుట్టలు నిలవవు. అందుకని 'ఫ్లో డైవర్టర్' అనే స్టెంటు పెడతామన్నారు.

నాయనకు అది బోధపడలేదు. నాకు తెలిసిన మాటల్లో చెప్పాను: "కాలువ ఒడ్డు కోసుకుపోయి గుంట పడిందనుకో. నీళ్లు అందులో సుడి తిరిగి ఒడ్డును ఇంకా తింటాయి. గుంట మూతికి దగ్గరగా అల్లిన తడిక అడ్డం పెడితే పారకం నేరుగా పోతుంది. గుంటలో నీళ్లు నిలిచి ఒండ్రు పేరుకుంటుంది. తడిక మీద గడ్డి మొలిచి అదే కొత్త ఒడ్డవుతుంది."

నాయన కాసేపు ఆలోచించి, "మరి పక్కనున్న పిల్లకాలువలు ఎండిపోవా?" అన్నాడు.

డాక్టర్లు అడగదగిన ప్రశ్న అది! పిల్లకాలువకు అవతల దారి ఉంది, కనుక తడిక సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. గుంటకు దారి లేదు. సాధారణంగా చిన్న ధమనులు బతికి, బుడగ గడ్డకట్టేది అందుకే. తడిక మీదే నెత్తురు గడ్డకట్టకుండా కొన్ని నెలలు రెండు రకాల మందులు మానకుండా వాడాలి.

ఈ జాతి స్టెంట్లలో పైప్‌లైన్ అనేదానికి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. 48 సన్నని తీగల అల్లిక అది. తొడలోని ధమని గుండా సన్నని గొట్టంలో మెదడు దాకా పంపి, అక్కడ విప్పుతారు.

ఇక రాకెట్ల సంగతి. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్సెల్వీ-3కి సారథి అబ్దుల్ కలాంగారు. ఆయనే 1990లలో హైదరాబాదు హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజుగారితో కలిసి గుండెకు తక్కువ ధర స్టెంటు రూపొందించారు. 2020లో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థవారు మెదడుకు స్వదేశీ ఫ్లో డైవర్టర్ తయారుచేశామని ప్రకటించారు. దానికి వాడిన నిటినాల్, అంటే నికెల్, టైటానియం కలిసిన మిశ్రలోహం, బెంగుళూరు విమాన పరిశోధనశాలది. మడిచినా విడిచిపెట్టగానే తన రూపానికి వచ్చేస్తుంది. జంతువులపైనా, మనుషులపైనా పరీక్షలు అప్పటికింకా మిగిలి ఉన్నాయి.

అత్తకు పెట్టింది విదేశీ స్టెంటే. ఆరు నెలల తర్వాత తీసిన ఫొటోలో బుడగ చాలావరకు మూసుకుపోయింది. రెప్ప ఇంకా పూర్తిగా లేవలేదు. అత్త దక్కింది, ఎకరా మాగాణి తాకట్టులో ఉంది.

మిత్రులారా! మన లేబొరేటరీల్లో లోహాల గుణాలు, ద్రవాల ప్రవాహం మార్కుల కోసం బట్టీ పడుతున్నాం. ఆ రెండూ కలిస్తేనే ఒక ప్రాణం నిలిచింది. ఇక చేయవలసింది, ఆ ప్రాణం కోసం పొలం తాకట్టు పెట్టనవసరం లేకుండా చూడడం. ఆ పని మన తరం చదువుకు మిగిలింది.