పాప పెళ్ళికా?

హోసూరు దగ్గర ఒక శాఖలో పనిచేసే రోజుల్లో నాకొక అలవాటుండేది. ఏ తల్లి అయినా రికరింగ్ డిపాజిట్ ఫారం అడిగితే, "పాప పెళ్ళికేనామ్మా?" అనేవాణ్ణి. అలా అడిగితే నెలకు కట్టే మొత్తం కాస్త పెరిగేది. కొడుకు పెళ్ళికా అని ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

గులాబీ తోటల్లో కూలికి పోయే ఒకామె అలాగే ఖాతా తెరిచి నాలుగేళ్ళు కట్టింది. పాస్‌బుక్కు తెచ్చేది కూతురు. పది దాకా తెలుగు మీడియమే. క్యూలో నిలబడి వడ్డీ నోటిలెక్క వేసేది. డిపాజిట్‌కు మూడు నెలలకోసారి చక్రవడ్డీ కదా, కాగితం మీద నేను వేసిన లెక్కలో ఒకసారి అది మరిచానని చెప్పింది. మరిచిన మాట నిజమే.

2012లో ప్లస్ టూ లెక్కల్లో 200కు 197 తెచ్చుకుంది. చెన్నైలో ఇంజనీరింగు సీటు వచ్చింది. కుటుంబంలో తొలి పట్టభద్రులకు తమిళనాడు ప్రభుత్వం 2010లో తెచ్చిన రాయితీతో ట్యూషన్ ఫీజు బెంగ లేదు. హాస్టలుకే దారి లేదు.

"దుడ్డు తీసుకుంటాను సార్, పాప కాలేజీకి కావల్ల" అంది తల్లి.

"ఇంకో ఏడాదుంది, ఇప్పుడు తీస్తే వడ్డీ తగ్గుతుంది. పెళ్ళికి దాచింది కదమ్మా, ముట్టుకోకు" అన్నాను.

పెద్దమనిషి సలహాలాగే ఉంది కదా. కానీ చదువు అప్పు మాట నేనెత్తలేదు. 4 లక్షల దాకా తాకట్టు, మూడో మనిషి హామీ అక్కర్లేదనీ, తల్లో తండ్రో సంతకం చేస్తే చాలుననీ నాకు తెలుసు. శాఖలో మూడు చదువు అప్పులు మొండికేసి ఉన్నాయి. పెళ్ళయి పోయే పిల్ల, రేపు ఎవరు కడతారు అని కూడా అనుకున్నాను. అనుకోలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

"తాకట్టు లేకుండా అప్పిస్తారని బయట బోర్డులో ఉంది గదా సార్?" అంది ఆ పిల్ల.

బోర్డు తమిళంలో, ఇంగ్లీషులో ఉంది. తెలుగువాణ్ణయి ఉండి, ఆ తల్లికి తెలుగులో చెప్పవలసిన ఒక్క ముక్కా నేను మింగేశాను.

దరఖాస్తు తీసుకున్నాను. ఇక తండ్రి అడ్డం తిరిగాడు. "ఆడబిడ్డ పేరుమీద అప్పుంటే ఎవురు చేసుకుంటారు సార్?" నా ప్రశ్నే తిరిగి నాకు తగిలింది. చివరికి తల్లే సహరుణగ్రహీతగా తెలుగులో సంతకం చేసింది. ఒక్కో అక్షరం దిద్దుతూ, చాలాసేపు.

2019లో అప్పు తీరిందని తరువాతి మేనేజరు ఫోనులో చెప్పారు. డిపాజిట్ మాత్రం గడువు దాకా కదపలేదట. దాన్ని దేనికి వాడారో నేను అడగలేదు.