ఉద్యాపన లేని కోరికలు

పోయినేడాది నేను రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్ళకి పైగా తెలుగు పాఠం చెప్పి, శాలువా కప్పించుకుని, పూలదండతో ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం మా తమ్ముడి కూతురు ఒక డైరీ తెచ్చి చేతిలో పెట్టింది. "అత్తా, ఇప్పుడైనా నీకేం కావాలో రాసుకో. పాతికైనా రాయాలి. తక్కువైతే ఒప్పుకోను" అంది.

పాతికేం లెక్క అనుకున్నాను. విద్యార్థులకి ఎన్ని వ్యాసాలు దిద్దలేదు! కానీ ఆ రాత్రి గంటసేపు కూర్చుంటే తొమ్మిది వచ్చాయి. అబ్బాయి ఇంటి అప్పు తీరడం, కోడలికి దగ్గర్లో ఉద్యోగం రావడం, ఆయన మోకాలి ఆపరేషను, మనవరాలికి సంగీతం, ఇలాంటివి. మర్నాడు పొద్దున మళ్ళీ చదువుకున్నాను. తొమ్మిదింట్లోనూ నేను లేను. స్త్రీవాద సాహిత్యం మీద సెమినార్లలో పత్రాలు చదివిన మనిషిని. నాకేం కావాలి అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇలాంటి జాబితాలు రాసుకోవడం ఇప్పటి పిల్లలకి మామూలే. 2007లో ఒక హాలీవుడ్ సినిమా వచ్చాక 'బకెట్ లిస్ట్' అన్న మాట ప్రపంచమంతా పాకింది. చనిపోయేలోగా చేసి తీరాలనుకునే పనుల చిట్టా అది. అంతకు చాలా ముందే, 1940లో, అమెరికాలో జాన్ గొడార్డ్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు 127 లక్ష్యాలు రాసుకున్నాడు. నైలు నదిని మొదట్నించి చివరిదాకా చూడాలన్నది వాటిలో ఒకటి. పదేళ్ళ తర్వాత చిన్న పడవల్లో నిజంగానే ఆ ప్రయాణం చేశాడు. మేనకోడలు ఈ కథ చెప్తుంటే, 'నా పదిహేనో ఏట నేనేం కోరుకున్నాను?' అని ఆలోచనలో పడ్డాను.

అది 1977. మాది కోనసీమలో కొత్తపేట పక్కన పలివెల. నైలు మాకు భూగోళం పుస్తకంలో ఒక గీత. కానీ గోదావరి పాయల మధ్య బతుకు, ఎటు చూసినా నీళ్ళే. మా ఇంటికి నాలుగడుగుల్లో కాలవ. తమ్ముడు ఎనిమిదో ఏట అరటిబోదె పట్టుకుని దిగాడు, పదో ఏటికి వంతెన మీంచి దూకేవాడు. నేను రేవులో ఆఖరి మెట్టు మీద కూర్చుని బిందె తోముకుంటూ చూసేదాన్ని. ఒకసారి మెడలోతు దిగితే నాన్నమ్మ ఒడ్డునుంచి కేకేసింది: "ఆడపిల్లవి, తడిబట్టలతో ఊరంతా ఊరేగుతావా?" కాలవ అవతలి గట్టు ఇరవై బారలు ఉంటుందేమో. నాకు కావాల్సింది ఆ ఇరవై బారలు. అది కోరిక అని కూడా అప్పుడు తెలీదు. అడిగినవాళ్ళు లేరు కనక రాయలేదు.

అమ్మ మాత్రం రాసింది.

అమ్మ 2023లో పోయింది. పెట్టె సర్దుతుంటే పట్టుచీరల అడుగున చేతికుట్టు వేసిన ఒక పుస్తకం దొరికింది. అందులో వరసగా ఆమె పట్టిన నోములు. అట్లతద్ది, పదహారు ఫలాల నోము, గాజుల గౌరి నోము, ఉదయ కుంకుమ నోము, చిత్రగుప్తుని నోము, లక్షవత్తుల నోము, మూగనోము. ఒక్కొక్క దానికి ఎదురుగా ఎప్పుడు పట్టిందో, వాయనాలు ఎవరెవరికి ఇచ్చిందో రాసుకుంది. ఉద్యాపన అయినవాటికి పక్కన పసుపు బొట్టు. అదే ఆమె టిక్కు మార్కు!

ఆ పుస్తకం చూశాక నాకనిపించింది, మన ఆడవాళ్ళకి లక్ష్యాల జాబితా కొత్తదేం కాదు. గొడార్డ్ పుట్టకముందు నుంచీ మన అమ్మమ్మల దగ్గర అది ఉంది. మొదలుపెట్టే రోజు ఉంది, పాటించే నియమం ఉంది, పూర్తయిందని నలుగురిలో చెప్పుకునే ఉద్యాపన ఉంది. లేనిదల్లా ఒక్కటే, కోరుకునే మనిషి. ఐదోతనం భర్త ఆయుష్షు కోసం, సంతానం వంశం కోసం, సిరి ఇంటి కోసం. పితృస్వామ్యం స్త్రీకి కోరికలు ఉండకూడదని అనలేదు. ఏవి కోరుకోవాలో పట్టిక తనే ఇచ్చి, కోరుకునే పనిని మాత్రం ఉపవాసాలతో సహా ఆమెకి అప్పగించింది. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఈ నోముల పుస్తకం మా లాంటి ఇళ్ళదే. పొలంలో ఊడ్పులకి వంగే ఆడవాళ్ళకి పదహారు రకాల పళ్ళు కొని పంచే వీలు లేదు. ఆ వాయనాల వరసలో వాళ్ళని నిలబెట్టిన వాళ్ళూ లేరు.

అయినా ఆ పుస్తకాన్ని వెక్కిరించి పక్కన పెట్టలేకపోయాను. అట్లతద్ది గుర్తొచ్చింది. మంచి మొగుడి కోసం పట్టే నోము అని పుస్తకం చెప్తుంది. మాకు గుర్తున్నది మొగుడు కాదు. తెల్లారకముందే లేచి గోంగూర పచ్చడి, గడ్డపెరుగు వేసుకుని అన్నం తిని, చీకట్లో వీధి వీధంతా అరుచుకుంటూ తిరగడం, మామిడికొమ్మకి కట్టిన ఉయ్యాల ఊగడం. ఏడాదికి ఒక్క తెల్లవారుజామున వీధి మాది. ఎవరూ 'ఎక్కడికి' అని అడగరు. నోము పైన రాసింది మొగుడి గురించి, మేం కోరుకున్నది ఆ చీకటి వీధిని. అమ్మ మూగనోము కూడా అలాంటిదేనేమో. పన్నెండుమంది ఉండే ఇంట్లో ఎవరు పిలిచినా పలకక్కర్లేని ఆ కాసేపు ఆమెకెంత విశ్రాంతి అయి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. కోరికని దాచుకోవడానికి ఆడవాళ్ళు దేవుడి పేరు వాడుకున్నారు. అడిగి పుచ్చుకునే దారి లేనప్పుడు అదే దారి.

మా ఊరి గుడి కథ కూడా ఈ వెలుగులో మళ్ళీ చదువుకున్నాను. పలివెల ఉమా కొప్పేశ్వరస్వామికి కొప్పు ఎలా వచ్చిందో చిన్నప్పుడు అందరం విన్నదే. స్వామికి వేయాల్సిన పూలదండ పూజారి తన ప్రియురాలికి ఇచ్చాడు. ఆమె పెట్టుకుని తీసిన దండే స్వామికి, ఆపైన రాజుకి ప్రసాదంగా చేరింది. దండలో వెంట్రుక కనబడి రాజు నిలదీస్తే, స్వామికే జుట్టు ఉందన్నాడు పూజారి. రేపు చూపించమన్నాడు రాజు. ఆ రాత్రి పూజారి మొర ఆలకించి శివుడు లింగం మీద కొప్పు మొలిపించుకున్నాడని చెప్తారు. ఈ కథలో పూజారికి ప్రాణభయం ఉంది, రాజుకి కోపం ఉంది, దేవుడికి కరుణ ఉంది. ఆ కొప్పు అసలు ఎవరిదో ఆమెకి మాత్రం పేరు లేదు. వెంట్రుక బయటపడ్డ రాత్రి ఆమె ఏమని దణ్ణం పెట్టుకుందో స్థలపురాణానికి అక్కర్లేకపోయింది. అరవై ఏళ్ళు ఆ గుళ్ళో ప్రదక్షిణాలు చేసిన నేను కూడా ఎప్పుడూ అడగలేదు.

అమ్మ ఆఖరి రోజుల్లో సాయంగా ఉన్నావిడ పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. కొత్తపేట, రాజోలు, అమలాపురం వైపు ఏ ఊళ్ళో చూసినా గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కనబడతారు. ఆవిడ లిస్టు నోటితోనే చెప్పేసింది. అప్పు తీర్చాలి, శ్లాబు వేయాలి, ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యాలి. "అన్నీ అయిపోయాయండి" అంది.

"మరి నీకోసం ఏం అనుకున్నావు?" అన్నాను. ఆవిడ నాకంటే పదేళ్ళే చిన్న. ఆవిడ 'మీరు' అంటుంటే నేను 'నువ్వు' అంటున్నానని అప్పుడు తోచలేదు, ఇది రాస్తుంటే తోచింది.

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ ఇంట్లో నాకు గది లేదండి, వంటింట్లోనే పడుకునేదాన్ని. ఇక్కడ శ్లాబు వేశాం గానీ, రెండు గదుల్లోనూ అల్లుళ్ళొస్తే వాళ్ళే. నేను మళ్ళీ వంటింట్లోనేనండి" అని నవ్వింది.

ఏడాదికి ఐదు వందల పౌన్లు, తాళం వేసుకునే ఒక గది అని వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీల కోసం రెండంశాల జాబితా రాసింది. మనం దాన్ని ఎన్నిసార్లు క్లాసులో చెప్పలేదు! సంపాదన ఉన్నా గది దొరకని ఆడమనిషి గురించి ఎన్నిసార్లు చెప్పాం? పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. దాన్ని వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్తుంది. పేరు గుర్తులేనివాళ్ళు కోరికల జాబితా ఎవరి పేరున రాసుకోవాలి? అందుకే నా మొదటి తొమ్మిదింట్లో నేను లేకపోవడంలో వింతేమీ లేదు.

పుట్టింటి మాట వచ్చింది కనక అసలు సంగతి చెప్పేస్తాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తమ్ముడు కాగితాలు తెచ్చాడు. నాన్నకి తాతల నుంచి వచ్చిన ఇల్లు, కొబ్బరితోట తన పేరున రాయించుకోవాలి, నా హక్కు వదులుకున్నట్టు సంతకం కావాలి. "ఊరికే ఫార్మాలిటీ అక్కా" అన్నాడు. మరదలు, "వదినగారికి ఏం తక్కువండీ, పెన్షనుంది" అంది. ఇద్దరూ మంచివాళ్ళే. అమ్మని చూసుకున్నది వాళ్ళే.

మన రాష్ట్రంలో 1986లో వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి వర్తించదు. నా పెళ్ళి 1984లో అయింది. ఏడాది తేడాలో నేను బయట మిగిలిపోయాను. 2005 కేంద్ర సవరణ ఆ గీతని చెరిపేసింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చింది. ఇదంతా నాకు తెలుసు, నలుగురికి చెప్పాను కూడా. అయినా తమ్ముడు పెన్ను తీసి ఇచ్చినప్పుడు నా చెయ్యి దానంతటదే చాచుకుంది. ఇరవై ఏళ్ళ చట్టం కంటే అరవై ఏళ్ళ అలవాటు బలమైంది.

ఆ చేతిని ఆపింది చట్టం కాదు. మేనకోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేనిప్పుడు సంతకం పెడితే, రేపు ఆమె అన్న ముందు ఆమెకి కూడా అదే పెన్ను వస్తుంది. "చదివి చెప్తాను" అని కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రాత్రి అమ్మ పుస్తకం మళ్ళీ తీశాను. నోములన్నీ అయ్యాక రెండు ఖాళీ పేజీలు. ఆఖరి పేజీలో వంకర అక్షరాలతో ఒక్క మాట: 'కళ్ళజోడు'. పక్కన పసుపు బొట్టు లేదు. విరిగిన కాడకి దారం కట్టుకుని తిరిగేది చివరి రెండేళ్ళూ. పండక్కి వెళ్ళిన ప్రతిసారీ చీర పెట్టాను గానీ ఆ దారం సంగతి అడగలేదు. ఆమె మొత్తం పుస్తకంలో తనకోసం రాసుకున్నది అదొక్కటి. అదొక్కటే ఉద్యాపన కాలేదు.

మర్నాడు తమ్ముడితో చెప్పాను. తోట వద్దు, ఇల్లు అమ్మమనను, పంచమనను. వీధి వైపు గది మాత్రం నా పేరున రాయాలి, తాళం నా దగ్గర ఉండాలి. "నువ్వొచ్చినప్పుడు ఎవరు కాదన్నారక్కా?" అన్నాడు నొచ్చుకుని. "కాదనరని తెలుసురా. అడగకుండా రావాలని" అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. ఫోన్లు తగ్గాయి. ఆ బాధ ఉంది. సంతకం మాత్రం పెట్టలేదు. న్యాయంగా నాకు రావాల్సింది ఒక గది కంటే ఎక్కువని మేనకోడలు పోట్లాడుతోంది. ఆమె మాటే నిజం. నాకు చేతనైంది ఇంతవరకు.

డైరీలో పాత తొమ్మిదీ కొట్టెయ్యలేదు, అవి కూడా నా కోరికలే. కానీ కొత్త పేజీ మొదలుపెట్టాను. పలివెలలో గది. అందులో కూర్చుని గుడి కథని ఆమె వైపునుంచి రాయడం. కువైట్ నుంచి వచ్చినావిడని 'మీరు' అనడం. ఒక అట్లతద్దినాడు తెల్లవారకముందు ఏ నోమూ లేకుండా ఊరంతా నడవడం. పాతిక కాలేదు, మేనకోడలు ఒప్పుకోదు.

మొదటి అంశం మాత్రం కాలవ. రాజమండ్రిలో ఆడవాళ్ళ బ్యాచిలో చేరి మూడు నెలలుగా ఈత నేర్చుకుంటున్నాను. మోకాళ్ళు నొప్పి, చెవుల్లో నీళ్ళు, అయినా పదిహేను బారలు వస్తోంది. మొన్న ఏప్రిల్‌లో ఊరెళ్తే కాలవలు కట్టేసి ఉన్నాయి, అడుగున బురద. రేవులో ఆఖరి మెట్టు మీద కాసేపు కూర్చుని వచ్చాను. జూన్‌లో నీళ్ళు వదులుతారు.